కాకినాడ సొమ్ము, ఆలంపూర్ మాత్ర

మద్రాసు మెడికల్ కాలేజీ ఆపరేషన్ థియేటర్. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ రాకకోసం విద్యార్థులు వరసగా నిలబడి ఉన్నారు. అందరి ఒంటిమీదా తెల్లటి మిల్లు బట్ట గౌన్లు. ఒక్కడిది మాత్రం ముతక ఖద్దరు. గాంధీజీ పిలుపు విని విదేశీ బట్ట వదిలేసిన ఆ కుర్రాడిది భీమవరం. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

దొర చూశాడు. మొహం మాడ్చుకున్నాడు. ఆ కోపం ఆ పూటతో పోలేదు, పరీక్షల దాకా వెంట వచ్చింది. రాతలో బాగానే గట్టెక్కిన సుబ్బారావుకు చివర్లో ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. దానికన్నా ఒక మెట్టు కిందిదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేశారు.

ఆ ఒక్క కాగితం తేడా ఎంత దూరం తరిమిందో ముందు ముందు చూస్తాం. అప్పటికే ఇంట్లో కష్టాలు తక్కువేం కావు. 1895 జనవరి 12న పుట్టిన సుబ్బారావు మెట్రిక్ గట్టెక్కడానికే మూడుసార్లు కూర్చోవలసి వచ్చింది. పదమూడేళ్లప్పుడు ఇల్లు విడిచి, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుంటానని బయల్దేరితే తల్లి వెంకమ్మ దారిలోనే పట్టి తెచ్చింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో పోయాడు. తిన్నది ఒంటికి పట్టదు, నోరు పూస్తుంది, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడిపోతుంది. అదెందుకు వస్తుందో, ఏం మందు వేయాలో ఆనాటి వైద్యానికి తెలియదు. డాక్టరీ చదువుతున్న తమ్ముడు ఉండి కూడా అన్నను దక్కించుకోలేకపోయాడు.

మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం కోసం ప్రయత్నించాడు. రాలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరర్‌గా కుదురుకున్నాడు. ఆయుర్వేద మందుల గుణం అతన్ని ఆకట్టుకుంది. వాటిని ఆధునిక శాస్త్రం గీటురాయి మీద పరీక్షించి చూడాలనుకున్నాడు. ఆ పని నేర్చుకునే చోటు మద్రాసులో లేదు. రాక్‌ఫెల్లర్ స్కాలర్‌షిప్ మీద వచ్చిన ఒక అమెరికన్ డాక్టర్ పరిచయమై, అమెరికా వెళ్లమని ప్రోత్సహించాడు. హార్వర్డ్‌లో ఉష్ణదేశపు వ్యాధులకు ప్రత్యేకంగా ఒక బడి ఉంది. అన్నను తీసుకుపోయిన జబ్బు కూడా ఆ బడి చదివే జబ్బుల్లోదే.

వెళ్లాలంటే డబ్బు కావాలి. చిన్న కాలేజీలో చిన్న లెక్చరర్. ఆస్తి లేదు, చేతిలో ఉన్నది తక్కువ తరగతి సర్టిఫికెట్. 1919లో పెళ్లయింది. భార్య శేషగిరికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

అలాంటివాడు ఎవరి గుమ్మం ఎక్కాలి?

కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఉంది. సత్యలింగ నాయకర్ గోదావరి తీరంలో పేదింట పుట్టి, రంగూన్ వెళ్లి ఒళ్లు వంచి పనిచేసి, వ్యాపారంలో గొప్పగా గడించినవాడు. పోయేముందు ఆస్తిని ధర్మానికి వీలునామా రాశాడు. సుబ్బారావు దరఖాస్తు పెట్టేనాటికి ఆ దాత లేడు. ఆయన రాసిన కాగితం ఉంది, దాన్ని నడిపే ధర్మకర్తలున్నారు. ఆయుర్వేద కళాశాల లెక్చరర్ ఒకడు వేలమైళ్ల అవతల చదువుకోవడానికి సాయం అడిగాడు. సాయం చేస్తామని ధర్మకర్తలు మాటిచ్చారు. మిగతా భారం మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి తలకెత్తుకున్నారు.

ఆ క్షణం దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది నాకు. రాబోయేది ఏమిటో ఆ ధర్మకర్తలకు తెలిసే వీలు లేదు. వాళ్ల ముందున్న దరఖాస్తుదారు మెట్రిక్ మూడోసారికి పాసైనవాడు, డాక్టరీలో తక్కువ పట్టా తెచ్చుకున్నవాడు. మార్కులు మాత్రమే చూసే కమిటీ అయితే ఆ కాగితాన్ని పక్కన పెట్టేసేది. వాళ్లు పక్కన పెట్టలేదు. తెలుగువాళ్లు చేసిన దానాల్లో అంతకన్నా గొప్పది నాకు తోచదు.

* * *

1920ల తొలినాళ్లలో ఒక అక్టోబరు నెలలో సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. ఇంటి దగ్గర శేషగిరి గర్భవతి. మూడేళ్లలో తిరిగొస్తానని చెప్పి బయల్దేరాడు.

చలి మొదలయ్యే రోజులవి. హార్వర్డ్‌లో చేరాడు. అయితే మద్రాసు ఎల్ఎంఎస్ చూపించి అక్కడి ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేయడానికి లేదు. ఖద్దరు గౌను కోపం సముద్రాలు దాటి వచ్చి మళ్లీ ఎదురు నిలబడింది. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్ పని దొరికింది. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. పగలు క్లాసు, రాత్రి వార్డు. అన్నను చూసుకున్న చేతులే కదా, చేసుకుపోయాడు.

ఊళ్లో కొడుకు పుట్టాడు. తండ్రి మొహం చూడకుండానే పసితనంలో పోయాడు. ఆ కబురు తండ్రికి ఉత్తరంలో అందింది. మూడేళ్లు గడిచాయి. పదేళ్లు గడిచాయి. సుబ్బారావు మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టనే లేదు. ఈ గాథలో చదువు ఖర్చు కాకినాడ భరించింది, మామగారు భరించారు. అసలు ఖర్చు శేషగిరమ్మ భరించింది. ఆమె పేరు పాఠ్యపుస్తకాల్లో ఉండదు, కనీసం ఇక్కడైనా రాయాలి.

డిప్లొమా అయ్యాక సుబ్బారావు హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో లెక్కగట్టే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. పరీక్షనాళికలో ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే ఆ పేరు నేటికీ మన బయోకెమిస్ట్రీ విద్యార్థులు ప్రాక్టికల్ రికార్డుల్లో రాసుకుంటున్నారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. కండరం కదలడానికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబులవి. అదే ఏటీపీని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్ మాత్రం శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారిపోయాడు.

లెడర్లీలో ఉన్న ఎనిమిదేళ్లు చాలు ఒక మనిషి జన్మ ధన్యం కావడానికి. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ కథకు మనదేశంలోనే ముందుభాగం ఒకటుంది. 1928లో లూసీ విల్స్ అనే లండన్ డాక్టరమ్మ బొంబాయి వచ్చి, మిల్లు కార్మిక కుటుంబాల్లోని గర్భిణుల రక్తహీనత మీద పనిచేసింది. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ తినిపిస్తే రక్తం పుంజుకుంటోందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్న ఆ తెలియని గుణమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. విల్స్ వెతికింది గర్భిణుల కోసం, దొరికింది స్ప్రూకు కూడా పనిచేసింది. అన్న ప్రాణం తీసిన జబ్బుకు మందు తమ్ముడి ప్రయోగశాలలోంచి వచ్చింది.

ఆ ఫోలిక్ ఆమ్లానికే ఎదురుగా పనిచేసే మందుల్ని ఆయన బృందం తయారుచేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటితో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల్లో తొలిసారిగా జబ్బును కొంతకాలం వెనక్కి తోయగలిగాడు. మెథోట్రెక్సేట్ ఆ వంశంలోదే. 1947లో బోదకాలుకు హెట్రజాన్. బెంజమిన్ డగ్గర్ కనుగొనగా 1948లో వెలుగులోకి వచ్చిన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు నడిపించిన విభాగంలోదే. అదే ఏడాది ఆగస్టులో ఆయన నిద్రలోనే వెళ్లిపోయాడు. అప్పటికి వయసు 53.

* * *

భీమవరం, కాకినాడ, బోస్టన్ ఊళ్ల ఈ కథతో తుంగభద్ర ఒడ్డున ఉన్న మనకేం సంబంధం అని ఆలంపూర్ పాఠకులు అడగొచ్చు.

నవబ్రహ్మ ఆలయాల దారిలో ఏ అంగన్‌వాడీలోకైనా వెళ్లి చూడండి. కడుపుతో ఉన్న ఆడపడుచు చేతిలో ఎర్రటి ఐరన్–ఫోలిక్ మాత్రల పట్టీ ఉంటుంది. రోజుకొకటి. ఆ మాత్రలో సగం పేరు సుబ్బారావుది. ఈశాన్యానికి పోతే నల్లగొండ. బోదకాలు బెడద ఎక్కువున్న జిల్లాల్లో అదొకటి. మాత్రల పంపిణీ రోజున ఆశా కార్యకర్త గడప గడపకూ వస్తుంది. ముందు అన్నం తిన్నారా లేదా అడుగుతుంది, పరగడుపున మింగనివ్వదు. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు ఒకటి, పద్నాలుగేళ్ల వరకు రెండు, పెద్దవాళ్లకు మూడు. చేతికిచ్చి వెళ్లిపోదు, తన ఎదుటే మింగే దాకా నిలబడుతుంది. డీఈసీ అని పిలిచే ఆ మాత్రే హెట్రజాన్.

కాకినాడ ధర్మకర్తలు ఒక లెక్చరర్‌కు ఇచ్చిన సొమ్ము అలా తిరిగి తిరిగి మన ఇంటికే చేరింది.

ఇప్పుడు మన కాలేజీల సంగతి చూద్దాం. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008 నుంచి మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటి స్టాఫ్‌రూముల్లో చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. "ఫారిన్ కాన్ఫరెన్స్‌కు పేపర్ సెలెక్టయింది సార్, ఉత్తరం కూడా వచ్చింది. టికెట్ పైసలు ఎవరిస్తరు?" అనేవాళ్లు ఎదురవుతూనే ఉంటారు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయిన ప్రయాణాలు మన దగ్గర చాలా ఉన్నాయని నా బాధ.

ఆలంపూర్‌నే తీసుకోండి. ఏడో శతాబ్దపు బాదామి చాళుక్యుల గుళ్లు ఇక్కడున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి గుళ్లను రాయి రాయికీ అంకె వేసి విప్పి, తెచ్చి ఇక్కడ తిరిగి కట్టారు. గుడిని విప్పి మళ్లీ కట్టడం ఎలాగో ప్రపంచమంతా నేర్చుకోవాలని చూసే విద్య. ఈజిప్టు అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూసింబెల్ గుళ్లకూ ఇదే అవసరం పడింది. ఆ సంగతి మీద విదేశీ సదస్సులో పేపర్ చదవడానికి ఈ ప్రాంతపు చరిత్ర లెక్చరర్ కన్నా తగినవాళ్లెవరు? ఏ లండన్ పరిశోధకుడో వచ్చి మన గుడి గురించి రాసుకుపోతే మనం చదువుకోవడమేనా?

దారులు లేకపోలేదు. సైన్స్ వాళ్లకు ఒకప్పటి సెర్బ్, ఇప్పటి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కింద విదేశీ సదస్సులకు ప్రయాణ సాయం ఉంది. కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకు ఫుల్‌బ్రైట్–నెహ్రూ ఫెలోషిప్‌లున్నాయి. హైస్కూలు టీచర్లకు వేరే ఫుల్‌బ్రైట్ కార్యక్రమం ఉంది. యూజీసీ గ్రాంటుకు కాలేజీకి 12(బి) గుర్తింపు ఉండాలి, ముందు ఆఫీసులో అది అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగి అయితే పాస్‌పోర్టు అర్జీ సంగతి శాఖకు తెలియజేయాలి, దేశం దాటడానికి శాఖ అనుమతి కావాలి. ఆ ఫైలు నడవడానికి టైము పడుతుంది కాబట్టి ఆహ్వానం వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. పేపర్ పంపిన రోజే అనుమతికి అర్జీ పెట్టుకోవడం మంచిది. అర్జీలో తన గొప్పలకన్నా, తిరిగొచ్చి తన క్లాసులో ఏం మారుస్తారో స్పష్టంగా రాసిన కాగితానికే బలం ఎక్కువ.

మన ఊరి నుంచే అలా వెళ్లి వచ్చినవారున్నారు. ఆలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ ఐపీఎస్ ఉద్యోగం మధ్యలో హార్వర్డ్ కెనడీ స్కూల్‌లో చదివారు. వచ్చాక 2012లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి బాధ్యత తీసుకున్నారు. ఆ గురుకులాల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. సుబ్బారావు చేరిన విశ్వవిద్యాలయానికే ఈ తుంగభద్ర ఒడ్డు బిడ్డ కూడా వెళ్లారు, చదువు ముగించుకుని తిరిగి వచ్చారు. అమెరికా సీటు మన వాళ్లకు అందదన్న మాట చెల్లదు.

లోటున్నది కాకినాడ ధర్మసంస్థ లాంటి చోట్లకు. విద్యార్థులు విదేశాల్లో పీజీ చదవడానికి తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ పేరిటా, జ్యోతిబా ఫూలే పేరిటా విద్యానిధులు పెట్టింది. మేలు పని. అదే చూపు పాఠం చెప్పేవాళ్ల మీద కూడా పడాలి. ఒక లెక్చరర్ నేర్చుకుని వస్తే, రిటైరయ్యే దాకా ఏటా ఒక బ్యాచ్ పిల్లలకు అది చేరుతుంది.

గద్వాల, ఆలంపూర్, వనపర్తి, నల్లగొండ కాలేజీల్లో చదివి ఇవాళ హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులకు నా మనవి ఇది. కాలేజీ పేరున మీరంతా కలిసి ఒక నిధి పెట్టండి. ఏటా ఒక్క అధ్యాపకుడి విమాన టికెట్, సదస్సు రుసుము, వీసా ఖర్చు దాన్లోంచి వెళ్లేలా చూడండి. ఎంపిక మార్కుల లెక్కతో కాకుండా పని చూసి చేయండి. లెక్చరర్లూ, మీరు పైసలెవరిస్తారని ఆగకండి. ఈ ఏడాదే దరఖాస్తు పెట్టండి.