ఉమ్మడి బృందాలకు యజమాని తప్పనిసరి
(ప్రత్యేక వ్యాసం)

కార్యాలయాలలో ఉత్తర ప్రత్యుత్తరాలు, నివేదికలు, సమావేశాల వివరాలు క్రమేణా కాగితం నుండి ఇంటర్నెట్ ఆధారిత సాఫ్ట్‌వేర్‌లోకి మారుతున్నాయి. అధికారి బదిలీ అయినపుడు బీరువా తాళాలు అప్పగించడం ఆనవాయితీ. కంప్యూటరులోని ఉమ్మడి బృందం బాధ్యతను కూడా అదే విధంగా అప్పగించవలసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365 గ్రూప్స్ ఇందుకు ఒక ఉదాహరణ.

బృందం స్వరూపం:
2014లో ఆఫీస్ 365 గ్రూప్స్ పేరిట వచ్చిన ఈ సదుపాయానికి 2020లో ప్రస్తుత పేరు ఏర్పడింది. బృందాన్ని ఏర్పాటు చేయగానే దానికి ఉమ్మడి మెయిల్‌బాక్సు, క్యాలెండరు, షేర్‌పాయింట్‌లో పత్రాల భాండాగారం సమకూరుతాయి. ఉద్యోగి సొంత వన్‌డ్రైవ్‌లోని పత్రాలు, ఆయన ఖాతాను తొలగించిన పిదప సాధారణంగా 30 రోజులు మాత్రమే నిలుస్తాయి. బృందంలో ఉంచిన పత్రాలు మాత్రం బృందానికే చెందుతాయి. వాటిని తయారుచేసిన ఉద్యోగి పదవీ విరమణ చేసినా అవి యథాతథంగా ఉంటాయి.

యజమాని, సభ్యుడు, అతిథి:
సభ్యులను చేర్చుకోవడం, తొలగించడం, బృందం నియమాలను మార్చడం యజమాని అధికారాలు. సంస్థకు వెలుపలి వారిని అతిథులుగా చేర్చవచ్చును. ఒక బృందానికి 100 మంది వరకు యజమానులు ఉండవచ్చును. ‘పబ్లిక్’ బృందమనగా ప్రజలందరికీ తెరిచినదని అర్థం కాదు. సంస్థలోని ఉద్యోగి ఎవరైనా అందులోని పత్రాలను చూడగలరు. కావున లబ్ధిదారుల వ్యక్తిగత వివరాల వంటివి ‘ప్రైవేట్’ బృందంలోనే ఉంచడం శ్రేయస్కరం.

గడువుతో ముప్పు:
నిరుపయోగంగా ఉన్న బృందాలను తొలగించేందుకు సంస్థ అడ్మినిస్ట్రేటర్ 180 రోజులు, 365 రోజులు లేదా మరొక గడువును నిర్ణయించవచ్చును. వాడుకలో ఉన్న బృందం గడువు దానంతటదే పొడిగింపబడుతుంది. వాడుక లేని బృందం విషయంలో గడువుకు 30 రోజులు, 15 రోజులు, ఒక రోజు ముందు యజమానికి ఇ-మెయిల్ ద్వారా హెచ్చరిక అందుతుంది. తుపాను సహాయ చర్యల వంటి పనులకు ఏర్పడిన బృందం మిగిలిన కాలంలో నిశ్శబ్దంగా ఉండడం సహజం. దాని ఏకైక యజమాని వేరొక విధికి మారి, హెచ్చరికను పట్టించుకోనిచో బృందంతోపాటు పత్రాలు, ఉత్తరాలు తొలగిపోతాయి. తొలగించిన బృందాన్ని 30 రోజులలోగా పునరుద్ధరించవచ్చును. ఆ తరువాత అది శాశ్వతంగా పోతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు:
1. ప్రతి బృందానికి కనీసం ఇద్దరు యజమానులు ఉండాలి.
2. బదిలీ, పదవీ విరమణ సందర్భాలలో అప్పగింత జాబితాలో బృందాల పేర్లను చేర్చి, అధికారి విడుదలకు ముందే కొత్త యజమానిని నియమించాలి.
3. యజమాని లేని బృందాలను అడ్మినిస్ట్రేటర్ గుర్తించి, బాధ్యులను నియమించాలి.
4. పని ముగిసిన అతిథులను వెంటనే తొలగించాలి.
5. గడువు విధించే ముందు, ఏడాదిలో కొంతకాలమే పనిచేసే బృందాలను గుర్తించి మినహాయించాలి.

సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం కంప్యూటరు ద్వారా రూపొందిన సమాచారం కూడా ‘రికార్డు’ నిర్వచనం పరిధిలోకి వస్తుంది. ప్రభుత్వ కార్యాలయంలో బృందం తొలగిపోవడమనగా ఒక దస్త్రం గల్లంతు కావడమే. దరఖాస్తుదారునికి సమాధానం చెప్పవలసిన బాధ్యత అప్పుడు ఆ స్థానంలో ఉన్న అధికారిపైనే పడుతుంది.