చంద్రయాత్రలో కిరణభయము

1958 జనవరి 31వ తేదీన అమెరికా తొలిసారిగా కక్ష్యయందు నిలిపిన ఎక్స్‌ప్లోరర్ ఉపగ్రహములో, ఆచార్య జేమ్స్ వాన్ అలెన్ అమర్చిన గైగర్ గణకము కొంత యెత్తువరకు కణములను సక్రమముగ లెక్కించుచు, అంతకు మించి పైకేగినపుడెల్ల మౌనము వహించుచుండెను. అచట కణములు లేకపోవుటచే గాదు, గణకపు శక్తికి మీరి అవి వచ్చిపడుటచేతనే అట్లగుచున్నదని పిమ్మట తేలినది. విశ్వకిరణముల యునికిని 1912లోనే బెలూనునెక్కి విక్టర్ హెస్ కనుగొనియుండెను గాని, భూమి అయస్కాంతక్షేత్రమున చిక్కి మన గోళమును మేఖలలవలె చుట్టియున్న ఈ కణరాశి మాత్రము, చంద్రుని చేరగోరువారి త్రోవకే అడ్డముగ నిలిచినది.

అపోలో నిర్మాతలు దీనికై సీసపు గోడలు కట్టలేదు. అంత బరువును మోయగల రాకెట్టు ఎవరియొద్దను లేదు. దట్టమైన భాగమును తప్పించి, కొలదిగంటలలో ఆ వలయములను దాటిపోవు మార్గమును గణించిరి. యాత్రికులకు మోతాదును కొలుచు సాధనములనిచ్చిరి. సూర్యుని కనిపెట్టియుండుటకు వేధశాలల నేర్పరచిరి. అందరికంటె అధికముగ కిరణములకు లోనైన అపోలో 14 వారికైనను సగటున సుమారొక రాడ్ మాత్రమే సోకినది.

ఇది విజయమే. అయినను 1972 ఆగస్టును తలచినచో, ఈ కీర్తిలో భాగము పంచాంగమునకును ఈయవలెననిపించును. ఏప్రిలులో అపోలో 16 తిరిగివచ్చినది; డిసెంబరులో అపోలో 17 బయలుదేరినది. నడుమ ఆగస్టు 4న సూర్యునినుండి మహోగ్రమైన కణప్రవాహము వెలువడినది. అప్పటి అయస్కాంతక్షోభకు ఉత్తర వియత్నాము తీరజలములలో అమెరికనులు పరచిన మందుపాతరలు సైతము వాటంతటవియే ప్రేలినవి! ఆ దినమున చంద్రతలముపై వస్త్రకవచము మాత్రమే ధరించి యుండినవారు తీవ్రవ్యాధి పాలగుదురని పిదప లెక్కించినవారి యభిప్రాయము.

బరువైన లోహము మేలైన కవచమను నమ్మకమును క్రమముగ సడలినది. అతివేగముగ వచ్చు కణములు లోహమును తాకి, క్రొత్త కణములను పుట్టించును. హైడ్రోజను మెండుగానున్న నీరు, పాలిథిలీను ఇందుకు మెరుగు. అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమున నిద్రాస్థలములకు పాలిథిలీను పలకలు చేర్చుట ఇందుచేతనే. 2022లో చంద్రుని చుట్టివచ్చిన ఓరియన్ నౌకయందు హెల్గా, జోహార్ అను రెండు బొమ్మలను కూర్చుండబెట్టి, జోహారుకు మాత్రము రక్షకకంచుకము తొడిగి పరీక్షించిరి.

అంగారకయాత్ర మాటయే వేరు. క్యూరియాసిటీ నౌక దారిలో తీసిన కొలతలనుబట్టి, రాకపోకల 360 దినములకే సుమారు 660 మిల్లీసీవర్టులు సోకును. నాసా ఒక యాత్రికునికి ఉద్యోగకాలమంతటికి విధించిన పరిమితి 600.