మీటరు గండం దాటిన ధూళి

గ్రహాలు ఎలా పుట్టాయంటే బడిలో నేర్చుకున్న జవాబు ఒకటే. సూర్యుడి చుట్టూ తిరిగిన వాయువు, ధూళి గురుత్వాకర్షణతో ముద్దకట్టాయి, ఆ ముద్దలే గ్రహాలయ్యాయి. 1755లో కాంట్, 1796లో లాప్లాస్ వేసిన ఈ బాట తప్పు కాదు. కానీ ఇందులో గురుత్వాకర్షణకు దాని శక్తికి మించిన పని అప్పజెప్పేశాం. కిలోమీటరు వెడల్పున్న బండకు పక్కన పోయేదాన్ని లాక్కునే సత్తువ ఉంది, ఇసుక రేణువుకు లేదు. నక్షత్రాల మధ్య తేలే ధూళి ఇసుకకన్నా ఎంతో సన్నం. ఆ కణాల్లో చాలావరకు మైక్రానులో పావు వంతుకు మించవు, పొగలోని నలుసంత. ఆ నలుసు భూమంత కావాలంటే అడ్డుకొలత యాభై లక్షల కోట్ల రెట్లు పెరగాలి. అందులో చివరి పదివేల రెట్లే గురుత్వాకర్షణ చలవ. కిలోమీటరు బండ దాకా అంతకుముందు జరిగిన నాలుగు వందల కోట్ల రెట్ల పెరుగుదల ఎవరి చలవ? ఈ ప్రశ్న దగ్గర శాస్త్రం దశాబ్దాల పాటు ఆగిపోయింది. దాన్ని ఆపి ఉంచింది చాలావరకు ఒక ఊహేనని నా వాదన. కుర్ర నక్షత్రం చుట్టూ ఉండే వాయువు పళ్లెం ఎగుడుదిగుడు లేకుండా నున్నగా ఉంటుందన్నదే ఆ ఊహ.

మొదటి మెట్టు తేలికే. మంచం కింద నాలుగు రోజులు చీపురు తగలకపోతే దుమ్ము ఉండలు కడుతుంది. అక్కడ జిగురేమీ ఉండదు, తాకినచోట అణువుల మధ్య పుట్టే చిన్నపాటి ఆకర్షణలాంటివే పట్టి ఉంచుతాయి. 1998 అక్టోబరులో బయలుదేరిన డిస్కవరీ షటిల్‌లో ఇదే విషయం తేల్చడానికి ఒక పరికరం పంపారు. అందులో పల్చటి వాయువు, దానిలో తేలుతూ సుమారు రెండు మైక్రాన్ల సిలికా గోళాలు. బరువు తెలియని ఆ స్థితిలో గోళాలు మెల్లగా తగులుకుంటూ అతుక్కుపోయాయి. అయితే లడ్డూల్లా గుండ్రంగా కాలేదు. ఒకదాని కొసకు మరొకటి అంటి ఎండు రెమ్మల్లా సాగాయి, మధ్యలో అంతా ఖాళీ. ఆ ఖాళీయే వాటికి మొదట్లో రక్ష, దెబ్బ తగిలితే నలిగి ఓర్చుకుంటాయి. పెరిగేకొద్దీ ఆ మెత్తదనం పోతుంది. మిల్లీమీటరు దాకా వచ్చేసరికి గోలీల్లా ఒకదాన్ని తాకి మరొకటి ఎగిరిపడతాయి. వేగం సెకనుకు మీటరు దాటితే రాతి ధూళి ఉండలు చాలావరకు పగిలిపోతాయి. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో యూర్గన్ బ్లుమ్ బృందం ఏళ్ల తరబడి ధూళి ఉండలను ఢీకొట్టించి చూసి తేల్చిన సంగతి ఇది.

అసలు గండం మీటరు దగ్గర పొంచి ఉంది. 1977లో అమెరికా శాస్త్రవేత్త స్టువార్ట్ వైడెన్‌షిలింగ్ వేసిన లెక్క దీన్ని బయటపెట్టింది. భూమి ఉన్న దూరంలో ఏ రాయైనా సూర్యుణ్ని సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో చుట్టాలి. వాయువుకు అంత వేగం అక్కర్లేదు. పళ్లెం లోపలి వైపు ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ. ఆ తేడా వాయువును కాస్త బయటికి నెడుతూ సూర్యుడి లాగుడును తగ్గిస్తుంది, అందుకని వాయువు సెకనుకు కొన్ని పదుల మీటర్లు వెనకబడి తిరుగుతుంది. రాయికి ఆ ఆసరా లేదు, దాని ముఖాన నిత్యం ఎదురుగాలే. నలుసైతే గాలితోపాటు పోతుంది, కొండైతే గాలిని లెక్కచేయదు. మధ్యలో మీటరు రాయి రెంటికీ చెడుతుంది. వేగం కోల్పోతూ లోపలికి జారి, సుమారు వందేళ్లలో సూర్యుడిలో పడిపోతుంది. గ్రహాల పుట్టుకకు లక్షల ఏళ్లు కావాలి, రాయికేమో ఆయువు నూరేళ్లే. ధూళి సన్నని పొరగా దిగి ఒక్కసారిగా ముద్దలైపోతుందని 1973లో శాస్త్రవేత్తలు గోల్డ్‌రైక్, వార్డ్ చూపిన దారి కూడా మూసుకుపోయింది. ఆ పొర రాపిడే వాయువును కలచి ధూళిని మళ్లీ పైకి లేపుతుంది.

విరుగుడు మాత్రం అప్పటికే అచ్చులో ఉంది. తోకచుక్కలను మురికి మంచు ముద్దలుగా వర్ణించి పేరుపొందిన ఫ్రెడ్ విపుల్ 1972లో ఒక మాట రాశారు. పళ్లెంలో ఎక్కడైనా ఒత్తిడి పొలం గట్టులా కాస్త లేచి ఉంటే, గట్టుకు బయట ఉన్న రాళ్లకు ఎదురుగాలి తగిలి లోపలికి జారతాయి. లోపల ఉన్నవాటిని వెనకగాలి తోసి బయటికి పంపుతుంది. రెండువైపుల రాళ్లూ గట్టు మీదికే చేరతాయి. దొంగ అనుకున్న గాలే కాపలా కాస్తుందన్నమాట. ఈ ఆలోచన అంతకాలం వెనకబడి ఉండడానికి కారణం ఊహించవచ్చు. పళ్లేలను దగ్గరగా చూసినవారు అప్పటికి లేరు, లెక్కకు నున్నటి పళ్లెమే సులువు. 2014 నవంబరులో చిలీలోని అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా టెలిస్కోపు వృషభ రాశిలోని హెచ్‌ఎల్ టౌ చిత్రాన్ని విడుదల చేసింది. దాదాపు 450 కాంతి సంవత్సరాల దూరంలో, పది లక్షల ఏళ్లు మించని నక్షత్రం. దాని చుట్టూ నారింజ రంగు వెలుగులో ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు, వాటి నడుమ గీసినట్టున్న నల్లటి ఖాళీలు. నున్నటి పళ్లెం అన్న ఊహ ఆ ఒక్క చిత్రంతో నిలవలేకపోయింది. 2018లో అదే టెలిస్కోపు పరిశీలించిన 20 పళ్లేల్లో దాదాపు అన్నిటా వలయాలు, ఖాళీలు, కొన్నిటిలో సుడులు కనిపించాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆ ఖాళీలను గ్రహాలే తవ్వి ఉంటే, గట్లు గ్రహాల వల్ల ఏర్పడ్డాయి కాబట్టి అవే గ్రహాలను పుట్టించాయనడం గుడ్డు ముందా కోడి ముందా అన్నట్టవుతుంది. ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. అయినా 2020లో ఐదు లక్షల ఏళ్లు కూడా నిండని ఐఆర్‌ఎస్ 63 నక్షత్రం చుట్టూ వలయాలు దొరికాయి. అంత తొందరగా గ్రహం తయారై ఉంటే ధూళి పెరుగుదల మనం భయపడినదానికన్నా చురుకన్నమాట. గ్రహం లేకుండానే వలయాలు వచ్చి ఉంటే మొదటి గట్టుకు గ్రహం అక్కర్లేదన్నమాట. ఎటు తిరిగినా వైడెన్‌షిలింగ్ గండం తీవ్రత తగ్గుతుంది. రెండో అభ్యంతరం కణాల కొలతది. 1991లో బెక్‌విత్, సార్జెంట్ పళ్లేల మిల్లీమీటరు తరంగాలను కొలిచారు. తరంగం పొడుగయ్యేకొద్దీ అక్కడ వెలుగు తగ్గే తీరు నక్షత్రాల మధ్య ధూళిలో ఉన్నంత నిటారుగా లేదు, కాబట్టి కణాలు పెరిగాయని చెప్పారు. పళ్లెం దట్టంగా ఉన్నా వెలుగు అలాగే కనిపిస్తుంది కదా అన్నది ప్రశ్న. పైగా హెచ్‌ఎల్ టౌ ధ్రువిత కాంతిని లెక్కగట్టిన జపాన్ శాస్త్రవేత్త అకిమాసా కతవోకా బృందానికి కణాల పరిమాణం సుమారు నూరు మైక్రాన్లే తేలింది. ఈ వివాదం ఇంకా తెగలేదు. అయినా మైక్రానులో పావు నుంచి నూరు మైక్రాన్లంటే నాలుగు వందల రెట్ల పెరుగుదల. టీడబ్ల్యూ హైడ్రే నక్షత్రం దగ్గర 2005లో 3.5 సెంటీమీటర్ల తరంగాల్లో కూడా ధూళి వెలుగు దొరికింది. సెంటీమీటరు స్థాయి గులకరాళ్లు లేకుండా ఆ వెలుగును వివరించడం కష్టం.

గట్టు మీద చేరినంత మాత్రాన గులకరాళ్లు బండ కావు. 2005లో యూడిన్, గుడ్‌మన్ మరో సంగతి కనిపెట్టారు. గులకలు గుంపుగా ఉంటే వాయువును తమతో ఈడ్చుకెళతాయి, గుంపుకు ఎదురుగాలి తగ్గుతుంది. అది మెల్లగా జారుతుంటే ఒంటరిగా వేగంగా జారేవి వచ్చి కలుస్తాయి. 2007లో యోహాన్సెన్ బృందం కంప్యూటర్లో దీన్ని నడిపిస్తే గుంపు తన గురుత్వంతోనే కూలి, మెట్టు మెట్టుగా ఎక్కకుండానే వందల కిలోమీటర్ల బండ అయింది. కంప్యూటరు మాటే కదా అనేవారికి అరోకాత్ అనే బండ జవాబు. 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ నౌక నెప్ట్యూన్‌కు ఆవల దాన్ని దాటింది. సుమారు 36 కిలోమీటర్ల పొడవు, రెండు ముద్దలు అంటుకున్న ఎర్రటి ఆకారం. బండలు గుద్దుకుంటూ పెరిగి ఉంటే ఆ కలయిక చోట పగుళ్లు, నలిగిన మచ్చలు ఉండాలి. కానీ రెండు ముద్దల నడుమ మెడ మిగతాచోట్లకన్నా కాస్త వెలుగ్గా, చెక్కుచెదరకుండా ఉంది. మనిషి నడిచేంత వేగంతో అవి ఒకదానికొకటి ఆనుకున్నాయి.