లేత మద్యం, ముదిరిన మద్యం: నాలుకకు తెలిసేది, తెలియనిది

మొక్కజొన్న ప్రధానంగా పులియబెట్టి, కాచి, ఓక్ కొయ్య పీపాలలో నిలువ ఉంచి తయారుచేసే అమెరికా విస్కీకి బర్బన్ అని పేరు. ఆ దేశ చట్టం ప్రకారం ధాన్యంలో మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి. పీపా కొత్తదై, లోపలి భాగం నిప్పుతో మాడ్చినదై ఉండాలి. కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నదే 'స్ట్రెయిట్' అనిపించుకుంటుంది. అక్కడి చిన్న తయారీదారులు పలువురు పెట్టుబడి త్వరగా తిరిగి రావడానికి రెండు మూడేళ్ల లేత సరుకునే విక్రయిస్తారు.

రుచి చూచే విధానం

గ్లాసులో కొద్దిగా పోసి ముందు వాసన చూస్తారు. లేత సరుకులో ఉడికిన మొక్కజొన్న కంకి వాసన, అప్పుడే కోసిన కొయ్య వాసన ముందుకు వస్తాయి. గొంతులో మంట మిగులుతుంది. కొన్ని చుక్కల నీరు కలిపితే ఆ ఘాటు తగ్గుతుంది. ముదిరిన సరుకులో వెనిలా, బెల్లపు పాకం వాసనలు నిలుస్తాయి. రంగు, తీపిదనం మాడిన కొయ్య నుండి వచ్చినవే.

మన పీఠభూమి ఎండ

వయస్సును సంవత్సరాలతో మాత్రమే లెక్కించలేము. సుమారు 3 వేల అడుగుల ఎత్తున ఉన్న బెంగళూరులో అమృత్ సంస్థ బార్లీతో విస్కీ తయారుచేసి 2004లో స్కాట్లాండులోని గ్లాస్గోలో విడుదల చేసింది. స్కాట్లాండు పీపాలలో ఏటా సుమారు 2 శాతం ఆవిరైతే, ఇక్కడ 10 నుండి 12 శాతం వరకు ఆవిరవుతుంది. అందువలన నాలుగైదేళ్లలోనే సరుకు ముదురుతుంది.

నాలుకకు అందనిది

ఈ పరీక్ష అంతా నమ్మకమైన సీసాకే చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1న, కర్ణాటకలో 2007 జూలై 1న సారాను నిషేధించారు. మరుసటి ఏడు మే నెలలో బెంగళూరు పరిసరాలు, కోలారు జిల్లా, తమిళనాడులోని కృష్ణగిరి ప్రాంతాలలో కల్తీ సారా నూరుమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. 1981 జూలైలో బెంగళూరులో మూడు వందలమందికి పైగా మరణించారు.

ఇటువంటి దుర్ఘటనలకు కారణం సాధారణంగా పరిశ్రమలలో వాడే మిథనాల్. దానికి రంగు లేదు. వాసన, రుచి మామూలు మద్యాన్నే పోలి ఉంటాయి. ఎంతటి అనుభవజ్ఞుడైనా నాలుకతో దానిని పసిగట్టలేడు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు తరచుగా 12 నుండి 24 గంటల తరువాత బయటపడతాయి. ఈ ఆలస్యం వలననే ఇంటివారు దానిని కేవలం మత్తు అనుకొని పడుకోనిస్తారు.

త్రాగిన మరునాడు చూపు మసకబారడం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనబడితే నిమ్మరసం, మజ్జిగలతో కాలయాపన చేయరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఏమి త్రాగినదీ వైద్యునికి దాచకుండా చెప్పాలి. మిగిలిన సరుకు ఉంటే వెంట తీసుకొని వెళ్లాలి. విరుగుడు మందు, డయాలసిస్ సకాలంలో అందితే ప్రాణమూ చూపూ దక్కే అవకాశం ఉంది. అదే సరుకు త్రాగిన తోటివారిని, వారు బాగానే ఉన్నామన్నా సరే, ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.