పల్లకి కూలి – విమానపు టిక్కెట్టు



పూర్వపు కృష్ణామండలపు మెట్టసీమలో కంచికచర్లకును నందిగామకును నడుమ, మున్నేటి యొడ్డున కీసర యను గ్రామము కలదు. హైదరాబాదునుండి బెజవాడకు వచ్చు పెద్దబాట దీని ప్రక్కనుండియే పోవుచున్నది. ఇప్పుడక్కడ సుంకపు గేటొకటి యున్నది. బాటసారులలో చాలమందికి కీసర యనగా ఆ గేటే జ్ఞప్తికి వచ్చును. కాని గోలకొండ సుల్తానుల కాలమునుండియు, బందరు రేవునకును గోలకొండకును రాకపోకలు సాగిన సీమ యిది. ఈ బాటమీద ఎవ్వరు ఎంత సొమ్మిచ్చి యెట్లు ప్రయాణము చేసిరను విషయమునుగూర్చి నేడు ముచ్చటింపదలచితిని. అందులకు కారణము లేకపోలేదు.

ఈ మెట్టగ్రామముల పెద్దలకు ఇటీవల నొక క్రొత్త చిక్కు వచ్చి పడినది. కొడుకో కూతురో అమెరికాలో నుందురు. పురుటికో, మనుమని అక్షరాభ్యాసమునకో రమ్మని కబురు చేయుదురు. టిక్కెట్టు కొనునపుడు, “నాన్నగారూ, బిజినెస్ క్లాసులో కొందుమా?” యని యడుగుదురు. దాని వెల మామూలు టిక్కెట్టునకు మూడింతలు, ఒక్కొక్కప్పుడు నాలుగింతలు. తండ్రి వలదనును. తల్లి మోకాళ్లు పట్టుకొని యూరకుండును. అందరును ఒకే విమానములో, ఒకే గడియకు దిగుచుండగా ఆ మూడింతల సొమ్మునకు లభించున దేమి?

ఈ ప్రశ్న విమానములతో పుట్టినది కాదు. ఫ్రెంచి దేశీయుడైన టావెర్నియే యను రత్నవర్తకుడు 1652లో బందరు రేవున దిగెను. మన పరిటాలలోను, కృష్ణకావల కొల్లూరులోను వజ్రములు దొరకుచుండిన దినములవి. అతడు వర్తకుడగుటచే ప్రతిదానికిని వెల వ్రాసిపెట్టినాడు. రాజులనుగూర్చి వ్రాసినవారు పెక్కండ్రు కలరు గాని, బోయీ కూలి యెంతయో వ్రాసిన వాడరుదు. అందువలన నాకీతనియందు గౌరవము మెండు.

అతని లెక్క యిట్లున్నది. ఎడ్లబండిని బాడుగకు మాటలాడినచో దినమునకు ఇంచుమించు 1 రూపాయి. సూరతునుండి గోలకొండకు బండి బాడుగ మొత్తము 40 మొదలు 45 రూపాయలు. పల్లకి మోయు బోయీకి నెలకు 4 రూపాయలు. ప్రయాణము 60 దినములు మించినచో 5 రూపాయలు. తొందరగా పోవలెనన్నచో బోయీలను 12 మందిని పెట్టుకొనవలెను; కొందఱు మోయుచుండగా కొందఱు అలుపు తీర్చుకొందురు. గౌరవముగా ప్రయాణము చేయదలచినవారు విండ్లును తుపాకులును ధరించిన బంట్లను 20 మొదలు 30 మంది వఱకు వెంటబెట్టుకొందురట. వారికిని జీతము బోయీలతో సమానమే.

ఇపుడు మనము కూడి చూతము. బండిబాడుగ నెలకు 30 రూపాయలు. పల్లకి యైనచో 12 గురు బోయీలకు 48, తక్కువలో తక్కువ 20 మంది బంట్లకు 80, వెరసి 128 రూపాయలు. అనగా నాలుగింతలకు పైమాట. మూడువందల డెబ్బది యేండ్లు గడచినను ఈ నిష్పత్తి యించుమించు నేటి విమానపు నిష్పత్తితో సరిపోవుట చూచి నేను కొంత యాశ్చర్యపడితిని.

అంతకంటె గమనింపదగిన దొకటి యున్నది. ఆ 12 గురు బోయీలతో పల్లకి దినమునకు 13, 14 లీగులు నడచునని అతడు వ్రాసెను. లీగనగా రెండు మైళ్లకు పైచిలుకు దూరము. టావెర్నియే తన సొంత బండికి ఇంచుమించు 600 రూపాయలు పోసి యొక జత యెడ్లను కొనెను. అవి దినమునకు 12 మొదలు 15 లీగుల చొప్పున 60 దినములు దుడుకునడకతో లాగుచుండెడివట. అనగా మంచి యెడ్లున్న బండికిని పల్లకికిని వేగములో భేదము లేదు. పల్లకివానికి మిగిలినది నడుము నొప్పి లేకుండుట, పరుపుమీద పండుకొని పోవుట, ముందు బంట్లు నడచుట. పై సొమ్ములో పెద్దపాలు బంట్లకే పోయినది. దొంగలభయ మున్న కాలము కావున దానిని వట్టి డంబమని తీసివేయరాదు. అయినను 20 మంది యెందులకు, 10 మంది చాలరా యని యడిగినచో, అక్కడ భయ మెంతయో బడాయి యెంతయో తేల్చుట కష్టము.

వంతెన లేని దినములలో మున్నేరు పొంగినచో పల్లకి యేమి, బండి యేమి, ఒడ్డుననే యాగవలసినది. ఏటికి తరగతులు లేవు.

పొగబండి వచ్చినపిదప ఈ కథ మాఱినది. నిజాము హామీ రైలుమార్గము 1889లో బెజవాడ చేరెను. అది మధిర, కొండపల్లి మీదుగా పోయినది. కీసర దానికి దూరముగనే యుండిపోయెను. రైలులో మొదటి తరగతి, రెండవ తరగతి, ఇంటరు, మూడవ తరగతి యని యేర్పాట్లుండెడివి. పూర్వము ఎక్కువ వెచ్చించి మంచి గుఱ్ఱమునో యెడ్లనో కొనగలవాడు ముందు చేరెడివాడు. రైలులో దొరయు కూలివాడును ఒకే నిమిషమున బెజవాడలో దిగిరి. ధనముతో కాలమును కొనుట అక్కడితో నాగినది. చోటును మాత్రమే కొనవలసి వచ్చినది. ఆ చోటును మొదటి తరగతివారికి పుష్కలముగ నిచ్చి, మూడవ తరగతివారిని గొఱ్ఱెలను తోలినట్లు తోలిరి. రైలుకంపెనీలకు ప్రయాణికులవలన వచ్చిన రాబడిలో అధికభాగము ఆ మూడవ తరగతివారు పెట్టినదే యని మఱవరాదు. గాంధీ మహాత్ముడు 1917లో ఈ దురవస్థనుగూర్చి ప్రత్యేకముగ నొక చిన్న పుస్తకమునే ప్రకటించెను. మూడవ తరగతి యను పేరు 1974లో పోయినది. కిక్కిరియుట మాత్రము పోలేదని పండుగదినములలో రైలెక్కినవారు చెప్పుదురు.

ఓడల సంగతి వేఱు. అక్కడ పై తరగతి టిక్కెట్టు ఒక్కొక్కప్పుడు ప్రాణమునే కాపాడినది. 1912లో టైటానిక్ యను ఓడ మునిగినపుడు మొదటి తరగతివారిలో నూటికి ఇంచుమించు 60 మంది బ్రదికిరి. మూడవ తరగతివారిలో నూటికి 25 మందియే బ్రదికిరి. పడవలున్న పై అంతస్తునకు వారి గదులు దగ్గఱగ నుండుట అందుల కొక కారణము.

ఇక విమానము. 1932 అక్టోబరు 15న టాటాల విమానము కరాచీనుండి టపా తీసికొని బయలుదేరెను. అది అహమ్మదాబాదు, బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసు చేరవలసిన మార్గము. యుద్ధానంతరము హైదరాబాదులో నిజాము ప్రభుత్వమును టాటాలును కలసి డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను నడపిరి. 1953లో అది జాతీయము చేయబడి ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలసెను. ఆ తొలిదినములలో విమానమెక్కుటయే మొదటి తరగతి ప్రయాణము. అందులో మఱల తరగతులెందుకు? 1952లో అట్లాంటికు మహాసముద్రముమీద చౌక ధర గల టూరిస్టు తరగతిని ప్రవేశపెట్టిరి. 1958లో ఎకానమీ తరగతి వచ్చెను.

బిజినెస్ తరగతి పుట్టుక వినదగిన కథ. 1970 తరువాత విమానసంస్థలు ఖాళీ కుర్చీలను నింపుటకై టిక్కెట్లను తగ్గింపు ధరలకు అమ్మసాగెను. అపుడు పూర్తివెల యిచ్చిన వ్యాపారస్థుడును, సగమువెల యిచ్చిన విహారయాత్రికుడును ప్రక్కప్రక్కన కూర్చుండవలసి వచ్చెను. పూర్తివెల యిచ్చినవారు గొణగసాగిరి. 1978 ప్రాంతమున బ్రిటిషు, అమెరికను సంస్థలు వారిని వేఱుచేసి ముందుభాగమున కూర్చుండబెట్టి దానికొక పేరు పెట్టెను. అనగా సుఖముకొఱకు కాక, “వానికంటె నేనెక్కువ యిచ్చితిని గదా” యను ఫిర్యాదునకు సమాధానముగా ఈ తరగతి జన్మించినది. సుఖము తరువాత వచ్చినది. కుర్చీని పూర్తిగ చదునుచేసి పడకగా మార్చు నేర్పాటు బ్రిటిష్ ఎయిర్‌వేస్‌వారి బిజినెస్ తరగతిలో 2000 సంవత్సరమున వచ్చెను.

కాలమును కొనుటకు ఒక విమానమున వీలుండెను. కాంకార్డు అను విమానము 1976నుండి 2003వఱకు ధ్వనికంటె వేగముగ నెగిరి, పారిసునుండి న్యూయార్కునకు మూడున్నర గంటలలో చేర్చెడిది. అది నిలిచిపోయినది. నేడు ఎన్ని లక్షలిచ్చినను ఒక్క నిమిషము ముందు దిగుట లేదు.

ప్రాణరక్షణయు కొనలేము. 1971లో ఎయిర్ ఇండియావారు మేడ గల పెద్ద విమానము తెచ్చి, దానికి అశోకచక్రవర్తి పేరు పెట్టిరి. మేడమీద మొదటి తరగతివారికి విశ్రాంతిమందిరము అమర్చిరి. 1978 జనవరి 1న అది బొంబాయిలో లేచిన కొద్దిసేపటికే సముద్రమున పడగా 213 మందియు మరణించిరి. ఓడలోని నిచ్చెన విమానములో లేదు.

కాగా మిగిలినది శరీరము. ముసలితనమున ఇదియే పెద్ద మాట గనుక దీనిని జాగ్రత్తగ చూతము. చిరకాలము కాళ్లు కదల్పక కూర్చున్నచో పిక్కల నరములలో నెత్తురు గడ్డకట్టవచ్చును; ఆ గడ్డ యూపిరితిత్తులకు పోయినచో ప్రాణాపాయము. దీనికి లోకములో “ఎకానమీ తరగతి జబ్బు” అని పేరు పడినది. ఈ పేరు తప్పుదారి పట్టించునది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, నాలుగు గంటలు మించి కదలక కూర్చుండి చేయు ప్రయాణమువలన ఈ యపాయము ఇంచుమించు రెట్టింపగును. ఐనను ఆరోగ్యవంతులలో అది 6000 మందిలో ఒకరికి కలుగునంతటిది. ఆ ప్రయాణము విమానమందే కానక్కఱలేదు. రైలైనను, బస్సైనను, కారైనను అంతే. అమెరికాలోని వక్షోవైద్యుల సంఘము 2012లో, ఎకానమీ కుర్చీయే రోగకారణమనుటకు నిదర్శనము లేదనియు, కిటికీ ప్రక్కన కూర్చున్నవారు మాటిమాటికి లేవకుండుటచే అపాయ మెక్కువగుననియు చెప్పెను. పట్టుపరుపుమీద పండుకొని యెనిమిది గంటలు కదలనివానికంటె, నడవ ప్రక్క కుర్చీలో కూర్చుండి గంటకొకసారి లేచి నాలుగడుగులు వేసి నీళ్లు త్రాగు ముసలివాడు మేలు. పూర్వము గడ్డ కట్టినవారును, క్రొత్తగా మోకాలికో తుంటికో శస్త్రచికిత్స జరిగినవారును, టిక్కెట్టు కొనకముందే వైద్యుని యడుగవలెను. ఆ ప్రశ్నకు ఏ తరగతియు జవాబు కాదు. విమానములోని గాలి యొత్తిడియు అన్ని తరగతులకు నొక్కటే. ఆరు మొదలు ఎనిమిదివేల అడుగుల కొండమీది గాలివలె నుండును. ఆయాసము గలవానికి ముందు కుర్చీలో వేఱు గాలి వీవదు.

చక్రాల కుర్చీ విషయము మన పెద్దలలో చాలమందికి తెలియదు. కాళ్ల నొప్పులున్నవారిని విమానముదాక తోడ్కొనిపోవు ఆ సహాయమును ఎకానమీవారికిని ఉచితముగనే చేయుట వాడుక. టిక్కెట్టు కొనునపుడే చెప్పి యుంచవలెను.

మఱి బిజినెస్ తరగతిలో నిక్కముగ దొరకున దేమి? నిద్ర. ఎకానమీలో ముందు కుర్చీకిని మన కుర్చీకిని నడుమ కొలత 31, 32 అంగుళములు. అక్కడ ఆరడుగుల పడక. హైదరాబాదునుండి నడుమ నొకచోట విమానము మాఱి అమెరికా చేరుటకు ఇరువది గంటలు పట్టుట సామాన్యము. డెబ్బదియేండ్ల నడుముకు ఒక రాత్రి చాచి పండుకొనుట చిన్న లాభము కాదు. కావున నా మట్టుకు, దేహము బాగుగనున్న దంపతులు ఆ సొమ్మును ఎరువులకో మనుమరాలి చదువునకో ఉంచుకొనుట మేలనియే తోచుచున్నది. నడుము వంగనివారు, మోకాళ్లు ముడుచుకొననివారు మాత్రము, పిల్లలు సంతోషముగ పెట్టగలిగినచో, రెండు దారులును కాకున్నను రాత్రి యెక్కువగనున్న ఒక్క దారికైనను కొనిపించుకొనుట తప్పు కాదు. పల్లకివానివలె బంట్లకు కాక బోయీలకు మాత్రమే సొమ్ము పెట్టుట యిది. తల్లి మోకాళ్లు నొచ్చుచుండగా తండ్రి వలదనుట పొదుపు కాదు. ఆమెనే యడుగవలెను.

దగ్గఱి ప్రయాణములకు ఈ చర్చయే యక్కఱలేదు. 2003లో డెక్కన్ విమానసంస్థవారు తరగతులు లేని చౌక విమానములను నడపసాగిరి. ఆ సంవత్సరమే హైదరాబాదునుండి విజయవాడకు వారి మొదటి విమానము బయలుదేరబోవగా ఇంజనులో మంట లేచెను. వేంకయ్యనాయుడు మున్నగు పెద్దలందులో నుండిరి, క్షేమముగ దిగిరి. ఇప్పటికిని ఆ మార్గమున తిరుగు చిన్న విమానములలో అందరి కుర్చీలును ఒకటే. కీసరవాసి హైదరాబాదునకు పోవలెనన్నచో, తూర్పుగా ఇంచుమించు 60 కిలోమీటర్లు వెనుకకు గన్నవరము పోయి, అక్కడ గంట కూర్చుండి, గంట యెగిరి, శంషాబాదులో దిగి మఱల పట్టణమునకు గంట ప్రయాణము చేయవలెను. అంతలో పడమటి బాటను పట్టిన కారు ఎల్.బి. నగరు చేరియే యుండును.

అయినను 2023 జూలై నెలాఖరున మున్నేరు పొంగి, నందిగామకీవల ఐతవరమువద్ద నీరు రహదారిమీదికి వచ్చినది. లారీలు, బస్సులు, లక్షల వెల గల కార్లు బారులు తీఱి నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరులోను అట్లే జరిగినది. ఆ దినములలో మాత్రము కీసరనుండి తూర్పుగా గన్నవరము పోయి టిక్కెట్టు కొన్నవానిని దుబారామనిషి యని యెవ్వరు ననియుండరు.