దంత సంరక్షణ: అల్ జహ్రావీ గ్రంథం నుండి నేటి తీగల చికిత్స వరకు

గోదావరి జిల్లాల పట్టణాలలో నేడు పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు పళ్ళకు క్లిప్పులతో కనిపించడం సాధారణమైపోయింది. ఎత్తు పళ్ళు, పన్ను మీద పన్ను, పైపళ్ళు కిందిపళ్ళు కలవని దవడ, వీటిని సరిచేయడానికి తీగలతో చేసే ఈ చికిత్స ఏడాదిన్నర నుండి రెండు, మూడేళ్ళ వరకు సాగుతుంది. ముస్లిం కుటుంబాలలో చికిత్సకు ముందే ఒక ప్రశ్న పుడుతుంది: సృష్టికర్త ఇచ్చిన పలువరుసను మార్చవచ్చునా? దీనిని పెద్దలు ఆలిమ్‌లను అడిగి తెలుసుకుంటారు. అంతకంటె అవసరమైన రెండవ ప్రశ్నను అడిగేవారు తక్కువ. తీగలు నోట్లో ఉన్నంత కాలం చిగుళ్ళ గతి ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకూ మన గ్రంథాలలో పాత చరిత్ర ఉన్నది.

మొదటి ప్రశ్నను త్వరగా ముగించవచ్చు. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీలను నిందించిన హదీసు హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదై ఉన్నది. నాడు వయసు మళ్ళినవారు పడుచుదనం కనబరచడానికి పళ్ళను ఆకురాయితో అరగదీయించుకునేవారు. నిషేధం ఆ పనికి సంబంధించినది. క్రీ.శ. 1277లో మరణించిన ఇమాం నవవీ సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఈ విషయాన్ని విడమర్చి చెప్పారు. చికిత్స కోసమో, పంటిలోని లోపం కారణంగానో చేస్తే దోషం లేదన్నారు. నమలలేని దవడను సరిచేయడం ఏ కోవకు చెందుతుందో పాఠకులే గ్రహించగలరు.

రెండవ ప్రశ్న చరిత్ర ఒక ముక్కుతో మొదలవుతుంది. ఇస్లాంకు పూర్వం కులాబ్ అనే చోట జరిగిన యుద్ధంలో హజ్రత్ అర్‌ఫజా బిన్ అస్అద్ (రజి) ముక్కు తెగిపోయింది. ఆయన వెండి ముక్కు చేయించి పెట్టుకున్నారు. కొంతకాలానికి అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు చేయించుకొమ్మని ఆయనకు చెప్పారు. అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలో ఈ ఉదంతం ఉన్నది. విద్వాంసులలో పలువురు కదిలే పళ్ళను బంగారంతో కట్టించుకున్నట్లు తిర్మిజీ అక్కడే తెలిపారు. మన మదరసాలలో నేటికీ బోధించే 'హిదాయా' గ్రంథంలో ఈ విషయమై అభిప్రాయభేదం కనబడుతుంది. పళ్ళు వెండితోనే కట్టాలి, బంగారంతో కాదు అని ఇమాం అబూహనీఫా అభిప్రాయం. వెండితో ముక్కు వాసన వచ్చినట్లే పళ్ళకూ రావచ్చును గదా అన్న దృష్టితో ఇమాం ముహమ్మద్ బంగారాన్ని కూడా అనుమతించారు. ఫిఖ్హ్ చర్చ అని మనం చదివి వదిలేసే ఈ భాగంలో వైద్యుని ప్రశ్న ఒకటి ఇమిడి ఉన్నది. నోటిలో ఏ లోహం చెడిపోకుండా నిలుస్తుంది?

ఇదే ప్రశ్నకు కర్డోబా సమీపంలోని మదీనతుజ్జహ్రా నగరానికి చెందిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ సమాధానం రాశారు. ఆయన క్రీ.శ. 1013 ప్రాంతంలో మరణించారు. 'అత్తస్రీఫ్' అనే ఆయన గ్రంథం ముప్పది ప్రకరణాలది. చివరి ప్రకరణం శస్త్రచికిత్సకు సంబంధించినది. ముందరి పళ్ళు దెబ్బ తగిలి కదిలితే బంగారు తీగతో పక్క పళ్ళకు అల్లి కట్టమని ఆయన అందులో చెప్పారు. వెండి కొద్దికాలానికి చిలుము పట్టి పాడవుతుంది, బంగారం ఎన్నటికీ మారదు అని కారణం చూపారు. ఇమాం ముహమ్మద్ వాదనకు రెండు శతాబ్దాల తర్వాత వైద్యుని సాక్ష్యం లభించినట్లయింది.

అయితే నా దృష్టిలో ఆ గ్రంథంలో బంగారు తీగ కంటె విలువైనది పళ్ళు గీకడం గురించిన అధ్యాయం. పళ్ళ లోపలివైపు, బయటివైపు, చిగుళ్ళ అంచున గరుకుగా పేరుకునే పదార్థం నల్లగానో, పచ్చగానో, ఆకుపచ్చగానో మారుతుందనీ, దాని మూలంగా చిగురు చెడిపోతుందనీ ఆయన రాశారు. రోగి తలను వైద్యుడు తన ఒడిలో పెట్టుకొని దానిని మిగలకుండా గీకాలి. ఒక్క రోజుతో కాకపోతే రెండవ రోజు, మూడవ రోజు కూడా గీకాలి. ఇందుకై పద్నాలుగు రకాల గీకుడు పనిముట్ల బొమ్మలు వేసి చూపారు. పంటి లోపలివైపుకు ఒకటి, బయటివైపుకు మరొకటి, సందులకు ఇంకొకటి. నేటి దంతవైద్యుని పళ్ళెంలోని కొక్కెపు పనిముట్లకు ఇవి పూర్వీకులు.

అరబ్బీలో ఈ పదార్థానికి 'ఖలహ్' అని పేరు. నిఘంటువులలో దీనికి పసుపుదనం అని మాత్రమే అర్థమిచ్చి వదిలేస్తారు. తెలుగులో మనకు రెండు మంచి మాటలున్నాయి. ప్రొద్దున లేవగానే నాలుకకు తగిలే మెత్తని పొర పాచి. తోమకుండా వదిలేస్తే అదే గట్టిపడి గార అవుతుంది. పాచిని పుల్లతోనో, బ్రష్షుతోనో మనమే పోగొట్టుకోవచ్చు. గారను వైద్యుడే తీయాలి. తీగల చికిత్సలో ఉన్నవారు ఈ తేడా గుర్తుంచుకుంటే సగం పని అయినట్లే.

వంకర పళ్ళను జహ్రావీ జరపలేదు. వరుస తప్పి మొలిచిన పంటిని పీకడమో, చిన్న రంపంతో కోయడమో, ఆకురాయితో అరగదీయడమో చెప్పారు. పక్క పళ్ళు కదలిపోకుండా ఆ పనిని అనేక దినాలకు పంచి చేయమని హెచ్చరించారు. పంటిని నెమ్మదిగా నెట్టి జరపవచ్చునన్న ఊహ రోమన్ రచయిత సెల్సస్ నాడే ఉన్నది. వంకరగా వచ్చిన పంటిని రోజూ వేలితో నెట్టమని ఆయన సలహా. 1728లో ఫ్రాన్సు దేశపు పియేర్ ఫోషార్ దంతవైద్య గ్రంథంలో లోహపు పట్టీకి పళ్ళను దారంతో కట్టి సరిచేసే పద్ధతి వచ్చింది. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో వంకరలను వర్గీకరించి, 1928 నాటికి నేటి తీగలకు మూలమైన అమరికను తయారు చేశారు. 1955లో బువోనకోర్ పంటి పింగాణీని ఆమ్లంతో గరుకు చేసి జిగురు అంటించే మార్గం కనుగొన్నారు. దానితో ప్రతి పంటికీ ఉంగరం తొడిగే అవసరం తప్పింది. చిన్న చిన్న బిళ్ళలు అతికించి వాటి మీదుగా తీగ నడపడం సాధ్యమయింది.

మన దేశంలో ఈ విద్యకు పునాది వేసినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ (1890-1965). అలీగఢ్‌లో చదివి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్య పట్టం పొంది, 1920లో కలకత్తాలో దేశపు మొట్టమొదటి దంతవైద్య కళాశాలను స్థాపించారు. అది నేడు ఆయన పేరనే ఉన్నది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడింది. గోదావరి డెల్టాలో భీమవరం విష్ణు కళాశాల 2002లో వచ్చింది. ఇప్పుడు రాజమహేంద్రవరంలోనూ ఈ విద్య బోధిస్తున్నారు.

పన్ను ఎలా జరుగుతుంది? తీగ నెట్టిన వైపు ఎముక కరుగుతుంది, వదిలిన వైపు కొత్త ఎముక పుడుతుంది. అంటే పని చేసేది తీగ కాదు, చిగురు కింది ఎముక. గార పట్టి చిగురు వాచినప్పుడు నశించేది కూడా ఆ ఎముకే. వాచిన చిగుళ్ళ మీద తీగ బిగిస్తే పన్ను వరుసలోకి రావచ్చు గాని నిలవడానికి ఆధారం తగ్గిపోతుంది. కనుక క్లిప్పులకు ముందే గార తీయించుకోవాలి. చికిత్స నడుస్తున్నప్పుడు కూడా వైద్యుడు చెప్పిన గడువులలో తీయించాలి.

మరొక ప్రమాదం బిళ్ళల చుట్టూ ఉంటుంది. పాచిలోని క్రిములు చక్కెరను ఆమ్లంగా మార్చి పంటి పింగాణీలోని ఖనిజాన్ని లాగేస్తాయి. శుభ్రత లేకపోతే నాలుగు వారాలలోనే సుద్దలాంటి తెల్లమచ్చలు మొదలు కావచ్చు. రెండేళ్ళు ఓర్చి, వేలు ఖర్చు చేసి క్లిప్పులు తీయించిన నాడు వరుస చక్కగా ఉండి, ప్రతి పంటి మీదా బిళ్ళ ఆకారం తెల్లగా మిగిలిన పిల్లలున్నారు. ఆ మచ్చలు పూర్తిగా పోవు. అందుకే తిన్న ప్రతిసారీ ఫ్లోరైడు ఉన్న పేస్టుతో బిళ్ళకు పైన ఒకసారి, కింద ఒకసారి తోమాలి. తీగ కిందికి దూరే సన్నని బ్రష్షు మందుల దుకాణాలలో దొరుకుతుంది. తోమేటప్పుడు రక్తం కనబడితే భయపడి మానేస్తారు. అది తిరగబడిన ఆలోచన. రక్తం వాపుకు గుర్తు, వాపు పాచి వల్ల వచ్చినది. మెత్తని బ్రష్షుతో ఇంకా శ్రద్ధగా తోమాలి. వారం గడిచినా తగ్గకపోతే వైద్యునికి చూపాలి.

తిండి విషయంలో మన ప్రాంతానికి కొన్ని కష్టాలున్నాయి. చెరకు ముక్క కొరికితే బిళ్ళ ఊడుతుంది. తంపటి తేగల పీచు తీగలో చుట్టుకుంటుంది. మామిడి తాండ్ర, జీళ్ళు బంకలా అతుక్కుంటాయి. ఆత్రేయపురం పూతరేకు తీగకు హాని చేయదు గాని అందులోని చక్కెర, బెల్లం చేయవలసిన హాని చేస్తాయి. తాపేశ్వరం కాజా గురించి వేరే చెప్పనక్కరలేదు. తినవద్దని పిల్లలకు చెప్పడం కంటె తిన్న వెంటనే తోమించడం సులువు.

ఇక మిస్వాక్. ప్రజలకు కష్టమవుతుందన్న సంకోచం లేకపోతే ప్రతి నమాజుకూ దానిని విధిగా చేసి ఉండేవాడినన్న భావం దైవప్రవక్త (స) వ్యక్తం చేశారు. రోజుకు ఐదుసార్లు నోటి వైపు దృష్టి మళ్ళించే ఈ అలవాటు తీగలున్నవారికి ఎంత అనుకూలమో చెప్పనవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1980ల దశకంలో మిస్వాక్ వాడకాన్ని ప్రోత్సహించింది. అరాక్ దొరకని చోట మన పల్లెలలో వేప, కానుగ పందుంపుల్లలే ఆ పని చేశాయి. కాని పుల్ల తీగ కిందికి దూరదు, గట్టిగా రుద్దితే బిళ్ళను లేపుతుంది. చిగురు గాయపడకుండా మిస్వాక్‌ను నిలువుగా కాక అడ్డంగా తిప్పమని ఫుఖహాలు రాశారు. వారి ఉద్దేశం చిగురు రక్షణ. క్లిప్పులున్నప్పుడు ఆ ఉద్దేశం బ్రష్షుతోనే నెరవేరుతుంది. మెత్తగా నమిలిన మిస్వాక్‌ను దానికి తోడుగా వాడుకోవచ్చు, దాని స్థానంలో కాదు.

రమజానులో నోరు ఎండిపోతుంది, లాలాజలం తగ్గుతుంది, ఇఫ్తార్ ఖర్జూరం తీగలకు పట్టుకుంటుంది. ఉపవాసంలో మిస్వాక్ ఏ వేళనైనా చేయవచ్చునని హనఫీ మతం, మధ్యాహ్నం తర్వాత అయిష్టమని షాఫయీ మతం. రుచి ఉన్నందున పేస్టును పగటిపూట మానడం మేలంటారు. కనుక సహరీ తిన్నాక ఫజర్ వేళ రాకముందే పేస్టుతో తోమడం, పగలు ఉత్త తడి బ్రష్షు, ఇఫ్తార్ తర్వాత, పడుకునే ముందు మళ్ళీ పేస్టు, ఈ క్రమం రెండింటికీ సరిపోతుంది.

గుస్ల్‌లో నోరు పుక్కిలించడం హనఫీల వద్ద ఫర్జ్. అతికించిన బిళ్ళల కింద నీరు చేరదు గదా అన్న సందేహానికి, ఊడదీయ వీలులేనిది చికిత్సలో భాగమనీ, గుస్ల్‌కు ఆటంకం కాదనీ నేటి ముఫ్తీలు జవాబిచ్చారు. తీసి పెట్టుకోగల ప్లేటు మాత్రం తీసే పుక్కిలించాలి. క్లిప్పులు తీసిన తర్వాత పళ్ళు వెనక్కి జరగకుండా ఇచ్చే రిటైనరు ఈ రెండవ రకంలో చేరుతుంది. దానిని కూడా రోజూ చల్లని నీటిలో బ్రష్షుతో కడగాలి. వేడినీటిలో ప్లాస్టిక్ వంకరపోతుంది. మసీదులో వుజూ చేసేటప్పుడు హౌజు గట్టు మీద పెట్టి మరచిపోయే వస్తువులలో ఇది ఒకటి గనుక, పిల్లల జేబులో దాని డబ్బీ ఉండేటట్లు చూడాలి.