రెండు సూర్యోదయాల విమానం

రెండు నగరాల మధ్య దూరం ఎంత అని అడిగితే అట్లాసు చూసి చెప్పవచ్చు. ఎంతసేపట్లో చేరతాం అని అడిగితే మాత్రం అట్లాసు ఒక్కటే చాలదు. విమాన వేగం, అది మోయగల ఇంధనం, దారిలో దిగడానికి వీలున్న చోట్లు, గాలి వీచే దిక్కు అన్నీ తెలియాలి. ఒక్కోసారి యుద్ధం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికీ శ్రీలంక దక్షిణ తీరంలోని కొగ్గలకూ మధ్య 1943లో మొదలైన విమాన సర్వీసు ఇందుకు చక్కని ఉదాహరణ.

అంతకు ముందు ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు వెళ్లే విమానాలు సింగపూరు, భారతదేశం మీదుగా మజిలీలు చేసుకుంటూ పోయేవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాన్ వశమైంది. దాంతో ఆ దారి తెగిపోయింది. ఇక మిగిలింది హిందూ మహాసముద్రాన్ని ఎక్కడా ఆగకుండా దాటడమే.

ఆ పనికి క్వాంటాస్ సంస్థ కాటలినా అనే ఐదు విమానాలను వాడింది. ఇవి నీటి మీదే దిగి, నీటి మీద నుంచే లేస్తాయి. ఇప్పుడు లెక్క వేయండి. దూరం సుమారు 5,650 కిలోమీటర్లు. వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. అంటే 28 గంటల ప్రయాణం! గంటకు 25 కిలోమీటర్ల ఎదురుగాలి వీచిందంటే అదే ప్రయాణం 32 గంటలు దాటుతుంది. నిజంగానే ఒకసారి 32 గంటల 9 నిమిషాలు పట్టింది.

అంతసేపు ఎగరాలంటే దాదాపు 9,000 లీటర్ల పెట్రోలు కావాలి. దాని బరువే ఆరు టన్నులకు పైమాట. ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం ఖర్చవుతుంది. అందుకే అవసరం లేని సామాగ్రినంతా తీసేశారు. చివరకు ముగ్గురు ప్రయాణికులకూ 69 కిలోల ఉత్తరాలకూ మాత్రమే చోటు మిగిలింది.

శత్రువు పసిగట్టకుండా రేడియో మౌనం పాటించాలి. కాబట్టి సిబ్బంది దిక్సూచినీ నక్షత్రాలనూ నమ్ముకున్నారు. విమానాలకు పెట్టిన పేర్లు కూడా నక్షత్రాలవే: ఆల్టెయిర్, వేగా, రైగెల్, అంటారిస్, స్పైకా. వీటిలో నాలుగు మనకు పాత పరిచయాలే. ఆల్టెయిర్ మన శ్రవణం, వేగా అభిజిత్తు, అంటారిస్ జ్యేష్ఠ, స్పైకా చిత్త.

ఒక పగలూ ఒక రాత్రీ దాటి సాగే ఈ ప్రయాణంలో సూర్యోదయం రెండుసార్లు కనిపించేది. అందుకే ప్రయాణికులకు ‘రెండు సూర్యోదయాల రహస్య సంఘం’ పేరిట ఒక ప్రశంసాపత్రం ఇచ్చేవారు. 1945 జూలైలో సర్వీసు ముగిసేనాటికి ఈ విమానాలు 271 సార్లు సముద్రాన్ని దాటాయి. ఒక్కటీ కూలలేదు.

2018 మార్చిలో అదే పెర్త్ నుంచి లండనుకు ఎక్కడా ఆగని విమానం బయలుదేరింది. దాదాపు 14,500 కిలోమీటర్ల దూరాన్ని, రెండు వందల మందికి పైగా ప్రయాణికులతో, సుమారు 17 గంటల్లో దాటింది. తేడా తెచ్చినవి జెట్ ఇంజన్లు, తేలికైన మిశ్రమ పదార్థాలతో చేసిన రెక్కలు.

మీ బడిలో గ్లోబు ఉంటే పెర్త్ నుంచి కొగ్గల దాకా ఒక దారం బిగించి పట్టి చూడండి. దాని కింద దాదాపు అంతా నీలి రంగే. ఆ నీలం మీద, రేడియోలో పలకకుండా, నక్షత్రాలను కొలుస్తూ ఆ మనుషులు రోజుకు పైగా ఎగిరారు.